దోమల గదిలో నా వంతు

మొన్న ఖమ్మం పోయి వచ్చాను. అక్కడ మెడిసిన్, నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు చదివే పిల్లలు కొందరు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. అబ్బాయిలను ఇష్టపడే అబ్బాయిలు, అమ్మాయిలను ఇష్టపడే అమ్మాయిలు, పుట్టినప్పుడు కాగితం మీద రాసిన ఆడ, మగ తమకు నప్పలేదని తెలుసుకున్నవాళ్ళు, వీళ్ళందరి స్నేహితులు. మైక్రోబయాలజీలో పరిశోధన చేస్తున్న నిఖిల అనే అమ్మాయి వాళ్ళకు పెద్ద. ఆ పిల్లే ఫోన్ చేసి, మీరు మాకంటే ముందటి తరం కదా సార్, నాయకత్వం మీద ఒక గంట మాట్లాడండి అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. నాయకత్వం అన్నాక వెనకాల ఎవరో ఒకరు ఉండాలి కదా. నా వెనకాల ఖాళీ కుర్చీలు తప్ప ఏమీ ఉండేవి కావని చెప్పాను. అయితే అదే చెప్పండి అంది. ఈ కాలం పిల్లలతో వచ్చిన చిక్కే ఇది. రాను అన్న మాటను కూడా కార్యక్రమంలో వేసేస్తారు.

తీరా వాళ్ళ ముందు నిలబడ్డాక ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. నోటికి మొదట వచ్చిన పేరు సుజాతక్క. ఆ పేరు వాళ్ళెవరూ వినలేదు, వినే అవకాశమూ లేదు. ఆమె పేరు మీద అచ్చైన పరిశోధన లేదు, ముందు డాక్టర్ అన్న మర్యాదా లేదు. ఎందుకు లేదో చెప్పబోయి, నీళ్ళు తాగి, ఏవో నాలుగు మాటలతో ముగించేశాను. ఆ రోజు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

మా మలేరియా కేంద్రం భద్రాచలంలో కరకట్టకు దగ్గరగా ఉన్న ఒక పాత పెంకుటిల్లు. కిరాయి ఇల్లే. ముందు గది ఆఫీసు, మధ్య గదిలో మైక్రోస్కోపులు, రెండు పక్కలా పడక గదులు, పెరట్లో వంటిల్లు, దాన్ని ఆనుకుని దోమల గది. ఆ ఇంట్లో గోడలు కప్పు దాకా పోవు. మనిషి ఎత్తు కంటే కాస్త పైకి లేచి ఆగిపోతాయి, ఆ పైన పెంకుల కింద గాలంతా అందరిదీ. ఈ గదిలో దగ్గితే ఆ గదిలోంచి మందేసుకో అనేవాళ్ళు. మా పై అధికారిని మేం పెద్దసారు అనేవాళ్ళం. విజయవాడ మనిషి, ఇల్లాలూ పిల్లలూ అక్కడే. గుడి మైకు మొదలు కాకముందే లేచి, తన గ్లాసు తనే కడుక్కుని, వేడి నీళ్ళలో నిమ్మకాయ పిండుకుని, పేపరు చివరి పేజీ నుంచి వెనక్కి చదివేవాడు. మొదటి పేజీకి వచ్చేసరికి మూడ్ పాడైపోయేది. వంట చేసే బుచ్చమ్మది చండ్రుగొండ. భర్త పోయాక ఇక్కడికి వచ్చి ఉండిపోయింది. తినకుండా లేచినవాళ్ళను ఆమె ఆ రోజంతా క్షమించేది కాదు.

సుజాతక్క నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. ఇల్లెందు పిల్ల. తండ్రి బొగ్గు బాయిలో పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. అందుకని ఆ ఇంట్లో అందరికీ గట్టిగా మాట్లాడటం అలవాటు. ఆమె రహస్యం చెప్పినా వీధిలో బస్సు ఆగి వినేట్టు ఉండేది. నేను వైరా నుంచి, హైదరాబాదులో చదువు ముగించుకుని వచ్చినవాణ్ణి. అరుగు దిగకుండా పెరిగిన పిల్లాడివి అని నన్ను ఏడిపించేది. తొలి వారంలోనే నన్ను తమ్మీ అని పిలిచింది, చివరిదాకా ఆ పిలుపు మారలేదు.

దోమల గది బయటి నుంచి చూస్తే తడి గోనెలు వేలాడే చీకటి కొట్టు. లోపల తెల్లటి వల కట్టిన బోనులు, బోనుల్లో దోమలు. అడవి పల్లెల్లో పశువుల కొట్టాల్లోంచి పట్టుకొచ్చిన దోమలు పెట్టిన గుడ్లు, ఆ గుడ్లలోంచి వచ్చినవి పెట్టిన గుడ్లు, అలా తరం తర్వాత తరం సుజాతక్క పెంచుకుంటూ వచ్చింది. ఊళ్ళలో చల్లే మందుకు దోమ ఎన్ని తరాలకు లొంగడం మానేస్తుందన్నది ఆమె పరిశోధన. నీళ్ళ పళ్ళాల్లో ఉన్న పిల్ల పురుగులకు కుక్క బిస్కెట్లు దంచి, ఈస్టు కలిపి వేసేది. మగదోమలు కుట్టవు, వాటికి నానబెట్టిన కిస్‌మిస్. పులిసిన పిండి, తడి గోనె, కిస్‌మిస్ తీపి కలిసి ఆ గదికి ఒక వాసన ఉండేది. ఇప్పటికీ బేకరీ వెనక సందులో నడిస్తే నా కాళ్ళు ఆగిపోతాయి. ఆడదోమలకు మాత్రం నెత్తురు కావాలి. అది తాగకపోతే గుడ్లు పెట్టవు. మొదట్లో దానికోసం ఒక కుందేలు ఉండేది. ఒక ఎండాకాలం తట్టుకోలేక అది చచ్చిపోయింది. ఇంకోదానికి పై ఆఫీసు నుంచి అనుమతి రావాలన్నారు. కుందేలు వచ్చేదాకా మా చేతులే దిక్కు.

వంతులు వేసుకున్నాం. బోనుకు చొక్కా చేతిలాంటి గుడ్డ తొడుగు ఉంటుంది. అందులోంచి చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టి కదలకుండా కూర్చోవాలి. ఆ దోమలు గదిలోనే పుట్టి గదిలోనే పెరిగినవి, రోగి మొహం చూసి ఎరగవు, కాబట్టి జ్వరం భయం లేదు. దురద మాత్రం మహా దురద. వంతున్నవాళ్ళు ముందురోజు నుంచే వాసన సబ్బు వాడకూడదు, నూనె, పౌడరు ముట్టుకోకూడదు. ఎల్లిగడ్డ, అదే వెల్లుల్లి, తినకూడదని సుజాతక్క ఇంకో నియమం కలిపింది. దానికి ఆధారం ఏమిటంటే పెద్దసారు నవ్వి ఊరుకునేవాడు కానీ, బుచ్చమ్మ దాన్ని మడి పాటించినట్టు పాటించింది. మా అందరికీ ఎల్లిగడ్డ దంచి వేసిన తాలింపు పప్పు. వంతున్న మనిషికి వేరే చిన్న గిన్నెలో చప్పటి పప్పు. ఎవరి కంచం పక్కన చిన్న గిన్నె ఉందో చూస్తే ఆ రోజు ఎవరిదో తెలిసిపోయేది. నూనె లేని జుట్టుతో భోజనానికి వస్తే, తెల్లారి ఎవరికి పెండ్లో ఏమో పిలగాడు దీక్షల ఉన్నడని బుచ్చమ్మ ఆటపట్టించేది.

నాకు ఆ వంతంటే ఇష్టం. నవ్వుకుంటే నవ్వుకోండి. చిన్నప్పటి నుంచీ నా ఒంటిని నేను ఒక తప్పుడు సరుకులా దాచుకుంటూ వచ్చాను. ఎలా నడుస్తున్నాను, చెయ్యి ఎలా తిప్పుతున్నాను, ఎవరిని ఎంతసేపు చూశాను అని నా మీద నేనే కాపలా. ఆ గదిలో కూర్చున్న కాసేపు మాత్రం నా ఒంటితో ఒక పని జరుగుతోందని, అందులో దాచుకోవలసింది ఏమీ లేదని అనిపించేది. సుజాతక్క పక్కన కిస్‌మిస్ మారుస్తూ ఇల్లెందు కబుర్లు చెప్పేది. దోమల పొట్టలు దానిమ్మ గింజల్లా ఎర్రబడేవి. తమ్మి నెత్తురుకు గుడ్లు ఎక్కువొస్తున్నయి అనేది. జీవితంలో నాకు దొరికిన మెప్పుల్లో అంత సంతోషపెట్టినవి తక్కువ.

ఆ దోమలంటే ఆమెకు ఎంత ప్రాణమో ఒక వరదలో చూశాను. గోదావరి మూడో హెచ్చరిక దాటింది, కరకట్ట పక్క ఇళ్ళు ఖాళీ చెయ్యమన్నారు. వీధంతా బియ్యం మూటలు, టీవీలు ట్రాక్టర్ల మీదికి ఎక్కిస్తుంటే మేం దోమల బోనులు ఎక్కించాం. నీళ్ళు తీసినాక ఊరంతా దోమలే ఉంటయి గదమ్మా, ఇవెందుకు మోసుడు అని ట్రాక్టరతను నిజంగానే అడిగాడు. సుజాతక్క తన రెయిన్‌కోటు విప్పి బోనుల మీద కప్పింది. గట్టు మీద స్కూలు వరండాలో దించేసరికి ఆమె తడిసి వణుకుతోంది, దోమలు మాత్రం పొడిగా ఉన్నాయి. ఒక్కోటి చూసుకున్నాకే తల తుడుచుకుంది. వాటిలో ఆమె మూడేళ్ళ చదువు ఉంది, దాని వెనక ఒక బాయి కార్మికుడి ఇల్లంతా ఉంది.

ఇక రవి. అతని గురించి ఎక్కువ రాయను. హైదరాబాదు హాస్టల్లో నా గదిలో ఉండేవాడు. నేను భద్రాచలం వచ్చాక కూడా రెండు నెలలకోసారి బస్సెక్కి వచ్చేవాడు. అందరికీ స్నేహితుడు. ఒక శనివారం తన పెళ్ళి సంగతి చెప్పడానికి వచ్చాడు. భోజనాలయ్యాక అందరూ కునుకు తీసే వేళ. పక్క మంచం మీద కూర్చుని చాలా మెల్లగా చెప్పాడు. నేను మెల్లగా వినలేకపోయాను. ఏడ్చాను, అడగకూడనివి అడిగాను, మూడేళ్ళు నాతో ఎందుకున్నావన్నాను. అలాంటి గోడలున్న ఇంట్లో అనవలసిన మాటలు కావవి. రవి సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు. పెద్దసారు ఆ మధ్యాహ్నం నిద్రపోలేదని నాకు తర్వాత అర్థమైంది.

ఆయన నన్ను ఏమీ అనలేదు. ఎప్పటిలాగే పేపరు వెనక నుంచి చదివాడు, నేను చూసే రక్తపు స్లయిడ్ల సంగతి అడిగాడు. నా వంతు రోజు నేను జుట్టుకు నూనె లేకుండా, నీళ్ళతోనే స్నానం చేసి భోజనానికి కూర్చున్నాను. కంచం పక్కన చిన్న గిన్నె లేదు. బుచ్చమ్మ ఎల్లిగడ్డ పప్పు వడ్డించబోతే, మర్చిపోయావా అని నవ్వాను. ఆమె నవ్వలేదు. "నీకు ఇకమీద ఇదే పెట్టమన్నడు సారు," అంది. గరిటె గాల్లోనే పట్టుకుని నా మొహం చూసింది. పెద్దసారు తల వంచుకుని అన్నం కలుపుకుంటున్నాడు. ఆ పప్పు తిన్నాను. ఎలా తిన్నానో నాకు గుర్తుంది, ఎవరికీ అలా తినే అవసరం రాకూడదు.

ఎందుకో అడగక్కర్లేదు. ఆ రోజుల్లో మావంటి మగవాళ్ళం ఆఫీసు కాగితాల్లో కనిపించేది ఒక్కచోటే, ఎయిడ్స్ అన్న మాట పక్కన. చట్టం కూడా మా వైపు లేదు. నాకు ఆ రోగం లేదు. ఉన్నా దోమ వల్ల ఇంకొకరికి అంటదు. ఈ సంగతి భూమ్మీద ఎవరికైనా తెలియాలంటే మా ఇంట్లో వాళ్ళకే ముందు తెలియాలి. మలేరియాతో పాటు దీని మీద కూడా ఊళ్ళలో చెప్పమని మాకు ఆదేశం ఉండేది. ఇప్పపువ్వు ఆరబోసిన వాకిళ్ళ మధ్య నిలబడి, సంతల్లో జనాన్ని పోగుచేసి, పెద్దసారు చాలా బాగా చెప్పేవాడు. కలిసి తింటే రాదు, చెయ్యి కలిపితే రాదు, దోమ కుడితే రాదు. చివరి మాట దగ్గర తన చెయ్యి చూపించి నవ్వించేవాడు కూడా. ఆయన చెడ్డ మనిషైతే నాకు సులువుగా ఉండేది. నాకు జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ వేసిన మనిషి ఆయన.

నేను నోరు మూసుకున్నాను. వంతు ఇక పెద్దసారుకూ సుజాతక్కకూ మిగిలింది. ఆయన చర్మం దోమ కాటుకు గడ్డలు కట్టేది, అందుకని బరువంతా ఆమె మీద పడింది. చేతులు వాచి దద్దుర్లు తేలాక ఒకరోజు భోజనాల దగ్గర అడిగేసింది, తమ్మి వంతు ఎందుకు తీసేసిన్రు సార్ అని. ఆయన నన్ను చూసి, బయటికి వెళ్ళమన్నట్టు కళ్ళతో అన్నాడు. నేను లేవబోతే ఆమె నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. ఆయన గొంతు తగ్గించి, నెత్తురుతో వ్యవహారం కదమ్మా, ఆ దోమలే మళ్ళీ నిన్ను కుడతాయి, ఎందుకొచ్చిన రిస్కు అన్నాడు. అంతే, ఆమెకు అంతా అర్థమైంది.

"దోమ కుడితే రాదని మొన్న సంతల మీరే చెప్పిన్రు గద సార్."

"అది వాళ్ళకు చెప్పే మాట సుజాతా."

ఆ వాక్యం విన్నాక నాకు ఇన్నేళ్ళలో ఎన్ని డిగ్రీలు వచ్చినా చదువు మీద పాత గౌరవం తిరిగి రాలేదు. సుజాతక్క కంచం పక్కకు జరిపింది. తర్వాత తన ఇంటి గొంతుతో, పెరడు దాటి వీధికి వినపడేలా చెప్పింది.

"అయితే నా చెయ్యి గూడ వద్దు సార్. నేను గూడ గట్లాంటి మనిషినే. నాకు ఆడపిల్లలంటేనే ఇష్టం."

నాకు ఆ సంగతి తెలియదు. ఒకే ఇంట్లో ఏడాదిన్నర, ఒకే గోడల మధ్య ఇద్దరం పక్క పక్కన కూర్చుని ఒకరి నుంచి ఒకరం దాక్కున్నాం.  బుచ్చమ్మ ఇద్దరి కంచాల్లోకీ ఇంకొంచెం అన్నం వేసి, తినుండ్రి, సల్లారిపోతది అని వంటింట్లోకి పోయింది.

మర్నాడు పెద్దసారు ఆమెను పిలిచి, నిన్న నువ్వన్నది నేను వినలేదనుకుంటాను, నీ వంతు నువ్వు చేసుకో, పరిశోధన పాడుచేసుకోకు అన్నాడు. మంచికే అన్నాడు. "విన్నట్టే ఉండుండ్రి సార్. ఇద్దరి చేతులు పెట్టొచ్చంటే పెడత, లేకుంటే లేదు," అని వచ్చేసింది. ఆయన ఒప్పుకోలేదు. మొండితనం కాదది, భయం. రేపు ఎవరైనా అడిగితే ఏం చెప్పాలన్న భయం. కుందేలు కోసం మళ్ళీ పైకి రాశాడు. తన చెయ్యి పెట్టి చూశాడు, గడ్డలు కట్టి జ్వరం తెచ్చుకున్నాడు. ఈలోగా గదిలో ఆడదోమలు కిస్‌మిస్ తీపి తాగి బతుకుతూనే ఉన్నాయి, గుడ్లు మాత్రం పెట్టడం లేదు. దోమ ఆయుష్షు ఎంతని. ఒక తరం ఆగితే అన్ని తరాలూ ఆగినట్టే.

సుజాతక్క రోజూ ఆ గదిలోకి వెళ్ళేది. గోనెలు తడిపేది, కిస్‌మిస్ మార్చేది, చచ్చినవాటిని ఏరేది. తలుపుకు తాళం లేదు, చూసేవాళ్ళు లేరు, చెయ్యి పెడితే అయిపోయే పని. నేను బతిమాలాను. నా కోసం నీ చదువు పోగొట్టుకోకు అక్కా, నేను ఏమీ అనుకోను అన్నాను. "నీ కోసం ఎవలన్నరు తమ్మీ? నా కోసం," అంది. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆమె గొంతు పెద్దగా లేదు. పళ్ళాల్లో నీళ్ళు నిలిచిపోయాయి, బోనుల్లో సందడి రోజురోజుకూ తగ్గింది. ఒక పొద్దున గది చప్పుడు లేకుండా ఉంది. ఆమె బోనులు పెరట్లోకి తెచ్చి, కడిగి, ఎండలో బోర్లించింది. ఇంటికి ఫోన్ చేసి, చెవులు వినపడని తండ్రికి అరిచి అరిచి చెప్పింది, ఇంక కొన్నాళ్ళు పడతది నాయినా అని. ఆయనకు వినపడిందో లేదో.

ఆమె ఫెలోషిప్ ఇంకా కొన్ని నెలలు ఉంది. చెయ్యడానికి పరిశోధన లేదు. ఎయిడ్స్ గురించి చెప్పే పని అడిగి మరీ నెత్తినేసుకుంది. నర్సింగ్ స్కూళ్ళు, ల్యాబ్ టెక్నీషియన్ క్లాసులు, భద్రాచలం, కొత్తగూడెం, ఖమ్మం, ఆర్టీసీ బస్సు పోయిన చోటల్లా పోయింది. నేను చార్టులు మోసేవాణ్ణి. చెప్పాల్సిందంతా చెప్పాక చివర్లో తన సొంత మాట ఒకటి కలిపేది. మీలో ఆడపిల్లకు ఆడపిల్ల, మగపిలగానికి మగపిలగాడు నచ్చేటోళ్ళు ఉంటరు, ఉంటే అది రోగం గాదు, ఆదివారం పొద్దున మా కాడికి స్లయిడ్లు చూడనీకె రాండ్రి అని. మొదటిసారి ఆ మాట విని నా చేతిలో చార్టు జారిపోయింది. క్లాసులో కొందరు ముసిముసిగా నవ్వారు. ఒకరిద్దరు మాత్రం నవ్వకుండా నోటు పుస్తకాల్లోకి చూశారు. ఆమె చూసేది వాళ్ళనే.

వచ్చారు. మొదట ఒకరు, తర్వాత నలుగురైదుగురు. నిజంగానే స్లయిడ్లు చూసేవాళ్ళం. ఒక్కొక్కరూ ఆ వారం నేర్చుకున్నది ఏదో ఒకటి మిగతావాళ్ళకు చెప్పాలి, అది ఆమె పెట్టిన పద్ధతి. రక్తం గడ్డకట్టడం గురించి ఒకరు, సెలైన్ లెక్క గురించి ఒకరు. ఆ తర్వాత ఉప్మా. ఉప్మా దగ్గర అసలు మాటలు వచ్చేవి. ఒక పిల్లను హాస్టల్లో ఎవరూ పక్క మంచం మీద పడుకోనివ్వడం లేదు. ఒక పిల్లాడు పరీక్ష ఫీజు కట్టకుండా ఇంటికి పోదామనుకుంటున్నాడు. అందరికీ ఆమెది ఒకటే మాట, ఏడ్సుడు ఏడ్వుండ్రి గని సదువు ఇడ్సొద్దు. తన చదువు పోయిన మనిషి ఆ మాట అంటుంటే నేను కిటికీ వైపు చూసేవాణ్ణి. ఆ వయసులో నేను ఒంటరిని కాననిపించింది ఆ కొద్ది వారాలే.

కొద్ది వారాలే. ఒక కాలేజీలో ఎవరో పెద్దవాళ్ళకు చెప్పారు, పెద్దవాళ్ళు ఇళ్ళకు చెప్పారు. ఒక ఆదివారం ఇద్దరే వచ్చారు, మరుసటి ఆదివారం ఎవరూ రాలేదు. ఆమె ఫెలోషిప్ పొడిగించలేదు. చూపించడానికి ఫలితాలు లేవు కాబట్టి అందులో ఎవరినీ తప్పు పట్టడానికి కూడా లేదు. బస్టాండులో నా చేతిలో మైక్రోస్కోపు గది తాళం పెట్టి, ఆదివారం తలుపు తీసి పెట్టు తమ్మీ, ఎవలు రాకున్న తీసి పెట్టు అంది. సరేనన్నాను. కరీంనగర్‌లో ఏదో రక్తపరీక్షల ల్యాబులో చేరింది. కొన్నాళ్ళు ఫోన్లు, తర్వాత పండగలకు ఫోన్లు. పోయినేడు ఆమె చనిపోయిన సంగతి దినాలన్నీ అయిపోయాక నాకు తెలిసింది. కబురు పెట్టవలసిన బంధువుల్లో నేను లేను.

తలుపు తీసి పెట్టాను. ఆ ఏడాదంతా, ఆ మరుసటి ఏడాదీ. ఆదివారం పొద్దున మైక్రోస్కోపు మీది గుడ్డ తీసి, కుర్చీలు వేసి, స్లయిడ్లు సర్ది కూర్చునేవాణ్ణి. బుచ్చమ్మ అడగకుండానే ఉప్మా ఎక్కువ చేసేది, మధ్యాహ్నానికి దాన్ని ఇద్దరం తినేవాళ్ళం. పెద్దసారు ఆ గది ముందు నుంచి పోతూ ఒకసారి ఆగి, ఎవరైనా వస్తున్నారా అని అడిగాడు. లేదన్నాను. తన గదికి పోయాడు. కుందేలు వచ్చింది చివరికి, తెల్లగా బొద్దుగా ఉంది. కొత్తగా చేరినవాళ్ళు మళ్ళీ దోమలు పెంచారు. నన్ను ఆ గదిలోకి ఎవరూ రావద్దనలేదు, రమ్మనీ అనలేదు. నా పరిశోధన స్లయిడ్ల మీద కాబట్టి పూర్తయింది, డాక్టరేటు వచ్చింది. ఆ రోజు ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలియక టీ కొట్టు దగ్గర రెండు టీలు తాగి వచ్చాను. ఒంటరితనం అంటే జనం లేకపోవడం అనుకుంటారు. నాకు మాత్రం అది రోజూ జనం మధ్యే ఉండేది, ఆదివారం ఒక్కరోజు దాన్ని కుర్చీలేసి కూర్చోబెట్టేవాణ్ణి.

ఖమ్మంలో ఈ పిల్లలను చూస్తుంటే అసూయ పడ్డానని చెప్పడానికి నాకు సిగ్గు లేదు. హాలు నిండా ఉన్నారు. మాకు లేని మాటలు వాళ్ళకు ఉన్నాయి, మాకు లేని చట్టం ఉంది, ఒకరి సీసాలో నీళ్ళు ఒకరు తాగుతున్నారు. అన్నీ మారిపోయాయని కాదు. రక్తదానం క్యాంపు పెడితే మమ్మల్ని ఇప్పటికీ పక్కకు నిలబెడతరు సార్, డాక్టర్లం కాబోయేటోళ్ళమే అయినా అని ఒక అబ్బాయి చెప్పాడు. మరి ఏం చేస్తారని అడిగితే, పక్కన మేమందరం కలిసే నిలబడి క్యాంపు అయ్యేదాకా పనిచేస్తం అన్నాడు. సుజాతక్క ఉంటే ఆ పిల్లాడి వీపు మీద ఒకటి వేసేది, మెచ్చుకోలుకు ఆమె పద్ధతి అది.

సభ అయ్యాక పిల్లలు ఫొటోలకు పోయారు. నేను ముందు వరుసలో కూర్చుని బస్సు టైము చూసుకుంటున్నాను. నలభైకి దగ్గరలో ఉన్న ఒకామె వచ్చి నిలబడింది. పేరు శోభ, అక్కడి నర్సింగ్ కాలేజీలో పాఠం చెబుతుందట. నిఖిల వాళ్ళకు హాలు ఇప్పించింది ఈమేనట. భద్రాచలంలో చదివానని, సుజాత మేడం మాట తమ క్లాసులో విన్నానని చెప్పింది. అయితే ఆదివారాలు వచ్చేదానివా, నాకు గుర్తు లేదే అన్నాను.

"మేడం పోయినంక వచ్చిన సార్. గేటు దాంక వచ్చేదాన్ని. కిటికీలకెల్లి మీరు కనవడేటోళ్ళు. లోపలికి రానీకె ధైర్యం చాలకపోయేది. మీరున్నరా లేరా చూసుకొని మళ్ళ పోయేదాన్ని. రెండేండ్లు గట్లనే చూసిన. మీరున్నరనే నేను సదువు ఇడ్సలే."

ఏ ఆదివారాలో అనుకున్నాను. అన్నీ అయి ఉంటాయి. నా వీపు కిటికీ వైపు ఉండేది. సంతోషించాలి కదా, పిల్ల చదువుకుంది, ఇవాళ ఇంతమందికి హాలు ఇప్పించింది. సంతోషంగానే ఉంది. దాంతో పాటు చిన్నపిల్లాడికి వచ్చినట్టు కోపం కూడా వచ్చింది, ఆపుకోలేకపోయాను.

"ఒక్క ఆదివారం లోపలికి రావల్సింది గదమ్మా. నాకు గూడ ఎవరన్న ఉన్నరని తెలిసేది."

ఆమె కళ్ళు దించుకుంది. అవ్ సార్ అని మాత్రం అంది. ఒక కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. పిల్లలు ఫొటోలకు పిలుస్తున్నా ఇద్దరం లేవలేదు.